మోకాళ్ళ మీద సాక్సులు

కిటికీ తెరుచుకోని రైలు కూడా ఒక రైలేనా, సముద్రాలు దాటించి ఓడల్లో తెచ్చారే, రిబ్బన్లు కత్తిరించి ఫోటోలు దిగారే, ఒక్క అద్దమైనా కిందికి దిగేలా చేయించలేకపోయారా, పాత కరెంటు రైలైతే ఈపాటికి జనం కిటికీల్లోంచి సాక్సులు ప్లాట్‌ఫాం మీదికి విసిరేసి ఉండేవాళ్ళు, సాక్సులమ్మే ఎర్మెలిందా ఏరుకుని ఉండేది, ఇప్పుడేముంది, ఖాళీ సంచీ భుజానేసుకుని వియా సెరేనా స్టేషన్లో నడి చలికాలం జులైలో వణుకుతూ నిలబడింది, తెచ్చిన సరుకంతా రైల్లో, ముక్కూ మొహం తెలియని మనుషుల మోకాళ్ళ మీద, బ్యూనస్ ఐరెస్ వైపు పోతోంది.

మోకాళ్ళ మీద పెట్టడం ఆమె కనిపెట్టిన సంగతేం కాదు, ఈ లైన్లో అమ్ముకునే వాళ్ళందరూ చేసేదే, రైలు పెట్టె ఈ చివర నుంచి ఆ చివర దాకా కూర్చున్న ప్రతివాళ్ళ మోకాలి మీదా ఒక జత పెట్టుకుంటూ పోవాలి, నిద్రపోయేవాళ్ళను లేపకూడదు, తిరిగొచ్చేటప్పుడు సాక్సులైనా, పెసోల డబ్బైనా, ఏదో ఒకటి చేతికిస్తారు, ఇవాళా పెట్టడం అయింది, ఇంక వెనక్కి తిరగాలి, అప్పుడే వచ్చాడు ఆరెంజి జాకెట్టు వాడు, రైలు కంపెనీ కొత్తగా పెట్టిన కాపలావాడు, దిగమ్మా, ఇక్కడే దిగు, అన్నాడు, నా సరుకు తీసుకోనీ నాయనా, ఒక్క నిమిషం, అని వాడి చెవి దగ్గర బతిమాలింది, నీ నిమిషానికి నా ఉద్యోగం పోద్ది, నడు నడు, అని భుజం పట్టి దింపేశాడు, వాడి తల్లి మాత్రం ఎక్కడ కొంటుందో సాక్సులు, తలుపు మూసుకుంది, పాత తలుపైతే కాలు అడ్డం పెట్టేది, పరిగెత్తుకొచ్చే వాళ్ళ కోసం ఎంతమంది కాళ్ళు పెట్టలేదు, పెట్టెంతా తిట్టేది గానీ కాలు తియ్యమని ఎవరూ అనేవాళ్ళు కాదు, ఈ తలుపుకు కాలిస్తే కాలే పోతుంది, అద్దం అవతల టై కట్టుకున్న ఒకాయన జతను పైకెత్తి చూపించాడు, ఏం చెయ్యమంటావని కాబోలు, ఏం చేస్తావయ్యా, వేసుకో, ఊరేగు, పండగ చేసుకో.

పోయాయి, ఇంక రావు, టీవీలో ఆ కంపెనీ పెద్దమనిషి ప్రయాణికుల సౌకర్యం అన్నాడు, మరి ఆమె ఏమిటి, పొద్దున్నే టికెట్టు కార్డు గీకించుకుని ఎక్కిన మనిషి ప్రయాణికురాలు కాదా, చల్లగాలి యంత్రాలొద్దని ఎవరన్నారు, మెత్తటి సీట్లొద్దని ఎవరన్నారు, అవి తెచ్చి మనుషుల్ని తోసెయ్యడమెందుకు అనే కదా అడిగేది, వెనకాల బండి వచ్చింది, ఎక్కింది, ఎవరి మొహమూ చూడలేదు, అందరూ దొంగల్లాగే కనిపిస్తున్నారు, తరవాతి స్టేషన్లో తలుపు తెరుచుకుంటే ప్లాట్‌ఫాం మీద చేతుల్లో సాక్సులు పట్టుకుని ఒక గుంపు, అవి తన సాక్సులే, ఆకుపచ్చ గీతలవి, దూకినట్టు దిగింది.

ఏమమ్మా, ఎక్కడ చచ్చావు, అంది ఊలు టోపీ పెట్టుకున్న ముసలమ్మ, చలికి నా కాళ్ళు కొయ్యబారిపోయాయి, మా యజమానురాలు ఇవాళ నన్ను నమిలేస్తుంది, పక్కనే సున్నం మరకల ప్యాంటు మనిషి, తాపీ పనివాడు కాబోలు, తన టోపీ నిండా జతలు పట్టుకుని, పెట్టెంతా తిరిగి ఏరుకొచ్చానక్కా, ఒకావిడ మటుకు అప్పుడే తొడిగేసుకుంది, ఇదిగో ఆవిడ డబ్బులు, అన్నాడు, నవ్వాడు, ఆమెకు నవ్వు రాలేదు, దండం పెట్టాలని కూడా అనిపించలేదు, మంటెత్తింది, ఇంతమంది ఉండి, పని మానుకుని చలిలో నిలబడేంత మనుషులై ఉండి, వాడు నా భుజం పట్టుకున్నప్పుడు ఒక్కరి నోరూ లేవలేదేం, అని అడిగేసింది, ముసలమ్మే అంది, నువ్వేమన్నావని, వాడి చెవిలో ఏదో గుసగుసలాడి తలొంచుకుని దిగిపోయావు, నీకూ వాడికీ మధ్య ఏదో ఏర్పాటుందేమో అనుకున్నాం తల్లీ.

ఏర్పాటా, ఆ జాకెట్టు వాడితోనా, అని మీదికి వెళ్ళబోయి ఆగింది, ఎందుకంటే నిజమే, గుసగుసలాడింది, ఇన్నేళ్ళుగా చక్రాల మోతను మించి అరిచి, రండి, చూడండి, గట్టి నూలు, అని పెట్టె చివర కునికే వాళ్ళను కూడా కదిలించిన మనిషి, సరుకు పోతున్న ఆ ఒక్క క్షణంలో జనానికి వీపు చూపించి వాడి ఒక్కడి చెవిలో పడేలా బతిమాలింది, వాడిచ్చేది ఏముందని, సాక్సులు ఉన్నది వాడి మోకాళ్ళ మీద కాదు, వీళ్ళ మోకాళ్ళ మీద, అడగాల్సింది వీళ్ళను.