మొదటి గుండు చేసినవాడిది

కువైట్‌లో, రుమైథియాలోని ఒక ఇంట్లో గంగాదేవి వంటమనిషి. ఇంటి యజమానిని బాబా అంటుంది, ఆయన భార్యను మామా అంటుంది. బాబాకు తుపాకుల పిచ్చి. స్నేహితులు వచ్చి కూర్చునే దివానియా గోడల నిండా పాత తుపాకులే. అయితే అవన్నీ ఎప్పుడో పోయిన ఎవరెవరి కొలతలకో చేసినవి. భుజానికెత్తుకుంటే ఒకటి పొడుగు, ఇంకొకటి కురచ. ముసలితనంలో ఆయనకో కోరిక పుట్టింది. తన చేతి పొడవూ తన చెంప ఎత్తూ చూసి, తనకోసమే చేసిన చెకుముకి తుపాకి ఒకటి కావాలి. మీట నొక్కితే చెకుముకి రాయి ఇనుముకు కొట్టుకుని, నిప్పురవ్వ రాలి, మందు అంటుకునే పాతకాలపు రకం. అనుమతి కాగితాలు మేనల్లుడు తెప్పించాడు గానీ చేసేవాడే దొరకలేదు.

ఒకడు గోడకు తగిలించుకునే బొమ్మ తుపాకి తెచ్చి బేరం పెట్టాడు. ఇంకొకడు పాతదానికి కొత్త పాలిష్ పూసి బాబా చెవిలో పువ్వు పెట్టబోయాడు. చివరికి ఇంటి డ్రైవర్ మెహతాబ్ వంటింట్లో టీ తాగుతూ ఒక మాట చెప్పాడు. వాడిది రాయచోటి. అహ్మదిలో ఒక లేత్ షెడ్డులో మనవైపు వాడే ఉన్నాడట, తుపాకులు బాగుచేసే దుకాణానికి కూడా పని చేసిపెడతాడట, ఊళ్ళో నాటు తుపాకులు చేసిన చెయ్యట. పేరేమిటని గంగాదేవి అడిగింది. అల్లాబకష్ అన్నాడు మెహతాబ్.

ఆడబోయిన తీర్థం ఎదురైనట్టయింది ఆమెకు. గరిటె పక్కన పెట్టి, పొయ్యి ఆర్పి, వెనక గోడ దగ్గర కాసేపు నిలబడి వచ్చింది. ఆ పేరును రోజూ తిట్టుకుంటూనే ఉంది గానీ, ఆ మనిషి తన కాళ్ళ దగ్గరికే నడిచొస్తాడని ఎన్నడూ అనుకోలేదు.

సంగతేమిటంటే, వేరుశనగ చేలో పడుతున్న అడవిపందులను బెదరగొట్టడానికి గంగాదేవి మొగుడు మునీంద్ర అల్లాబకష్‌తో ఒక నాటు తుపాకి చేయించుకున్నాడు. వాళ్ళ వైపు తుపాకి పనివాళ్ళకు ఒక కట్టుబాటుంది. మొదటి గుండు చేసినవాడిది. తుపాకి మడమ, అంటే వెనక కర్ర, చెంపకానించి వాడు కాల్చి చూపించాకే కొన్నవాడు చెయ్యి వెయ్యాలి. నిన్ననే కాల్చి చూశాను, భేషుగ్గా ఉంది అన్నాడు అల్లాబకష్. ఆ మాట నమ్మి మునీంద్ర చెంపకానించి మీట నొక్కాడు. గొట్టం పగిలి రెండు కళ్ళూ పోయాయి. కేసు పెడదామంటే, దొంగ తుపాకి చేయించుకున్నందుకు ముందు మునీంద్రనే లోపలేస్తారు. ఈ లోపల అల్లాబకష్ ఊరంతా ఇంకో మాట తిప్పాడు. తుపాకి బంగారమే, మునీంద్రే ఆశకొద్దీ మందు ఎక్కువ కూరాడు అని. ఊరు ఆ మాటే పట్టుకుంది. కళ్ళు పోయినవాడిది, తప్పు కూడా వాడిదే. అల్లాబకష్ కువైట్ విమానమెక్కాడు. కొన్నాళ్ళకు, గుడ్డి మొగుడిని అత్త రెడ్డెమ్మకు అప్పగించి గంగాదేవీ ఎక్కింది.

కొలతలు తీసుకోవడానికి అల్లాబకష్ ఇంటికొచ్చినప్పుడు ఆమె తలుపు చాటునే నిలబడింది. మనిషి ఒళ్ళు చేశాడు, గడ్డం తెల్లబడింది, గొంతు మాత్రం అదే గొంతు. బాబా చెంపను టేపుతో కొలుస్తూ, మడమ ఇక్కడ ఎంత మెత్తగా ఆనాలో ఎంతో మర్యాదగా చెబుతున్నాడు. గంగాదేవి వాడికి టీ కలిపి మెహతాబ్ చేతికిచ్చి పంపింది. అందులో ఉమ్మెయ్యాలనిపించింది. వెయ్యలేదు. ఉమ్మితో తీరే పగ కాదు అది.

ఆ సాయంత్రం కాఫీ ఇస్తూ, తనకొచ్చిన వంటింటి అరబ్బీలో తమ వైపు కట్టుబాటు గురించి బాబాకు చెప్పింది. మొదటి గుండు చేసినవాడే కాల్చాలి, అదీ చెంపకానించి. బాబాకు అది తెగ నచ్చింది. తన పని మీద నమ్మకమున్నవాడు తన ముఖాన్ని దూరం పెట్టుకోడు అన్నాడు. తుపాకి తీసుకునే రోజున అలాగే జరగాలన్నాడు.

చలికాలంలో ఆ కుటుంబం ఎడారిలో గుడారాలు వేసుకుంటుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్లాబకష్ అక్కడికే తుపాకి తెచ్చాడు. గుడ్డ విప్పగానే బాబా స్నేహితులంతా లేచి దగ్గరికొచ్చారు. అక్రోటు కర్ర మడమ, వెండి తీగ పని, ఉక్కు కడ్డీని లేత్ మీద తొలిచి చేసిన గొట్టం, లోపల మెలిక గాడులు. అందమైన వస్తువు. పగతో ఉడికిపోతున్న గంగాదేవి కళ్ళకు కూడా అందంగానే కనబడింది, అందుకు ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆమె అంతకుముందే ఇంటికి ఫోను కలిపింది. అవతల మునీంద్ర పక్కన రెడ్డెమ్మ ఉంది. మందు ఎక్కువ కూరాడని ఇన్నేళ్ళూ నోరు పారేసుకున్న నలుగురినీ పిలిచి కూర్చోబెట్టింది రెడ్డెమ్మ. వాళ్ళలో అల్లాబకష్ తమ్ముడు మునాఫ్ కూడా ఉన్నాడు. ఫోను స్పీకర్‌లో పెట్టి, అందరూ నోరు మూసుకుని వినండి అని చెప్పింది.

అల్లాబకష్ మందు పోసి, గుండు దిగగొట్టి, తుపాకిని ఒక పెట్టె మీద కట్టడం మొదలుపెట్టాడు. మీటకు పొడుగు తాడు తగిలించి, కారు వెనక నుంచి లాగుతాడట. బాబా కనుబొమలు ముడిచి గంగాదేవిని పిలిచాడు. ఆమె తలమీద గుడ్డ సర్దుకుని, ఫోను చేతిలో పట్టుకుని ముందుకొచ్చింది.

“తాడెందుకన్నా? చెంపకానిచ్చి కాల్చు,” అంది తెలుగులో.

అల్లాబకష్ తలెత్తి చూశాడు. ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక వాడి చేతిలో తాడు జారిపోయింది.

“గంగమ్మా… నువ్వు ఈడ…”

“ఈడే ఉండా. నీకు టీ పోసింది గూడా నేనే. మా మొగుడు ఈ ఫోన్‌లో వింటాండాడు. ఆపొద్దు ఆయప్పకిచ్చిన తుపాకి నువ్వు కాల్చి సూసినావా లేదా?”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు వాడు. బాబాకూ స్నేహితులకూ భాష తెలియదు గానీ, ఏదో తేలాల్సిన లెక్క ఉందని అర్థమై ఎవరూ కదల్లేదు. మెహతాబ్ మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. చివరికి అల్లాబకష్ గొణిగాడు.

“కాల్చల్యా. నా జన్మలో ఏ తుపాకికీ నేను చెంప ఆనిచ్చల్యా. నాకు బయ్యం. మునీంద్ర తప్పేం లేదు.”

ఇన్నేళ్ళ నుంచి ఆమె ఎదురుచూసిన మాట అదే. అక్కడితో వదిలేద్దామనే అనుకుని వచ్చింది కూడా. కానీ వాడు ఆ మాట ఇంత తేలిగ్గా అనేసరికి, అనగలిగినవాడు అప్పుడే ఎందుకు అనలేదన్న కోపంలో అనుకున్నది మార్చుకుంది.

“ఇప్పుడు కాల్చు,” అంది.

అల్లాబకష్ బాబా వైపు చూశాడు. బాబా తలూపాడు. అల్లాబకష్ కట్లు విప్పి, తుపాకి భుజానికెత్తి, చెంపను మడమకు ఆనించాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పేలాలని గంగాదేవి కోరుకుంది. మనసులో కాదు, పంటి బిగువున కోరుకుంది. అలా కోరుకున్నందుకు ఆమె తరువాత కూడా సిగ్గుపడలేదు.

రాయి కొట్టుకుంది, మందు భగ్గుమంది, మోత ఎడారంతా పరుచుకుంది. పొగ విడిపోయేసరికి అల్లాబకష్ మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్నాడు. కళ్ళు రెండూ ఉన్నాయి. తుపాకికి గీత కూడా పడలేదు. బాబా స్నేహితులు చప్పట్లు కొట్టారు.

“పగిలెనా?” అన్నాడు ఫోన్లో మునీంద్ర.

“లేదు.”

మునీంద్ర మెల్లగా అన్నాడు.

“అంటే వానికి చేసేది వచ్చుగదా గంగా.”

ఆ మాటతో గంగాదేవికి అసలు సంగతి తెలిసొచ్చింది. చేతకాక చేశాడనుకుంది ఇన్నాళ్ళూ. చేతకానివాడు కాదు. దొరకు ఉక్కు తొలిచి పెట్టాడు, సేద్యగాడికి బోరుబావిలో తుప్పుపట్టిన పాత పైపు కోసి పెట్టాడు. అప్పట్లో ఊరికి వచ్చిన కమ్మరి పగిలిన గొట్టం చూసి అది పైపు ముక్కేనని అన్నప్పుడు, మునీంద్రకు సాకు వెతుకుతున్నారని ఎవరూ నమ్మలేదు.

వాళ్ళు తెలుగులో ఏం మాట్లాడుకున్నారని బాబా అడిగాడు. గంగాదేవి ఒక్క ముక్క దాచలేదు. వచ్చీరాని అరబ్బీలో మొదలుపెట్టి, మాట దొరకనిచోట తన రెండు కళ్ళమీదా చేతులు కప్పుకుని చూపించింది. అప్పుడు మెహతాబ్ ముందుకొచ్చి మిగతాది పూర్తి చేశాడు. బాబా అల్లాబకష్ వైపు తిరిగి, నిజమేనా అని ఒక్కటే అడిగాడు. వాడు ఇసుకలో పడ్డ తాడును చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

బాబా తుపాకిని ఇంకోసారి చేతుల్లోకి తీసుకున్నాడు. భుజానికెత్తాడు. ఆయన కొలతకు అచ్చంగా సరిపోయింది. ఆ సంగతి ఆయన ముఖం మీద తెలిసింది, ఎంత ఆశపడ్డాడో కూడా తెలిసింది. చెంప మాత్రం ఆనించలేదు. దించి, గుడ్డలో చుట్టి, అల్లాబకష్ ముందు ఇసుక మీద పెట్టాడు.

“ఖలాస్,” అన్నాడు.

స్నేహితుల్లో తుపాకులు సేకరించేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళూ లేచి గుడారంలోకి వెళ్ళిపోయారు. ఈ కబురు రేపటికి ఎన్ని దివానియాలు తిరుగుతుందో అల్లాబకష్‌కు తెలుసు. ఇక వాడి తుపాకికి చెంప ఆనించే మనిషి ఈ దేశంలో ఉండడు.

“ఏమాయ గంగా?” అన్నాడు మునీంద్ర.

“బాబా వద్దనె. వాని తుపాకి వానికే ఇచ్చేసె.”

ఫోన్లో గుసగుసలు వినబడ్డాయి. రెడ్డెమ్మ ఎవరినో కసిరింది. మునాఫ్ గొంతు ఏదో అనబోయి ఆగిపోయింది. మునీంద్ర మళ్ళీ లైన్లోకి వచ్చాడు. ఆ గొంతులో అలాంటి హుషారు గంగాదేవి పెళ్ళయిన కొత్తలో విన్నది, మళ్ళీ ఇప్పుడే.

“వాన్ని ఇంగోసారి చెప్పమను. ఈడ కొందరికి సరిగ్గా ఇనపల్యాదంట. ఈతూరి పైపు సంగతి గూడా చెప్పమను.”

గంగాదేవి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోను అల్లాబకష్ నోటి దగ్గర పెట్టింది.