నాలుగో రకం మందు

ఆ పార్లర్లో అక్కాచెల్లెళ్ళకు ప్రతి సీసా మందే. జుట్టు మందు, రంగు మందు, గోళ్ళ మందు. పైన ఎంత సొగసైన పేరు అచ్చేసినా అక్క నోట్లో పడేసరికి మందైపోయేది. చెల్లెలికి అది నామోషీ. "సీరం అనక్కా, లోషన్ అనక్కా, వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు" అని పోరేది. అక్క వింటే కదా!

జుట్టు సాపు చేయడంలో మాత్రం చెల్లెలిది అందె వేసిన చేయి. దువ్వెన పళ్ళు విరగ్గొట్టే ఉంగరాల జుట్టు కూడా ఆమె చేతి కింద బుద్ధిగా జారేది. మందు పూసి, వేడి పట్టకారుతో పాయపాయగా లాగుతుంటే పొగ లేచేది. గదికి ఉన్నది ఒకటే కిటికీ. కళ్ళు మండేవి. మండితే మందు పనిచేస్తున్నట్టు అనుకునేవారు ఇద్దరూ. ఆరేళ్ళు అలాగే అనుకున్నారు.

ఆ తర్వాత చెల్లెలికి దగ్గు పట్టుకుంది. గొంతు బొంగురుపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ ఆ సీసాను తిప్పి తిప్పి చూసింది. ముందు వైపు 'ఫార్మాలిన్ లేదు' అని, అంటే ఊపిరితిత్తుల్ని మండించే రసాయనం లేదని, పెద్ద అక్షరాలు. వెనక వైపు నీళ్ళు, నూనె, 'పరిమళం'.

"ఈ పరిమళంలో ఏమేం కలిపారో తెలిస్తే నాకు వైద్యం తేలికవుతుంది. కానీ విడివిడిగా రాయక్కర్లేదని చట్టమే వాళ్ళకి వెసులుబాటిచ్చింది" అందావిడ.

కంపెనీకి మూడు ఉత్తరాలు రాస్తే, వ్యాపార రహస్యమని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. తన ఊపిరితిత్తుల్లో చేరినదాని పేరు తనకే తెలియకూడదట!

అదే సమయంలో ఇలాంటి సీసాల మీద కొత్త చట్టం రాస్తున్న సంఘం జనాన్ని పిలిచి వినడం మొదలుపెట్టింది. చెల్లెలికి గొంతు లేదు గనుక అక్కే మాట్లాడాలి. ముందురోజంతా చెల్లెలు ఒకటే పాఠం: "నీకు దణ్ణం పెడతానక్కా, అక్కడ మాత్రం మందు అనకు."

పొడుగాటి బల్ల వెనక ఏడుగురు సభ్యులు. పక్కన కంపెనీ తరఫు మనిషి, మడత నలగని కోటుతో. అక్క మైకు ముందు నిలబడింది. నోరు తెరవగానే, "అయ్యా, మా చెల్లి ఈ మందు..." అంది.

చెల్లెలు తల పట్టుకుంది.

కోటాయన మొహం వెలిగిపోయింది. "ఇది మందు కాదమ్మా, సౌందర్య సాధనం. మందుల చట్టం దీనికి వర్తించదు. ఆ తేడా కూడా తెలియనివాళ్ళ చేతిలో పడితే తప్పు సీసాది కాదు కదా."

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క చేతిలోని కాగితాన్ని మడిచి సంచిలో పడేసింది.

"నిజమే బాబూ, నాకు చదువు తక్కువ. నాకు తెలిసి మందులు మూడు రకాలు. రోగం పోవడానికి తాగేదొకటి, మతి పోవడానికి తాగేదొకటి, పురుగు చావడానికి కొట్టేదొకటి. మూడింటికీ చట్టం ఉంది. పురుగుల మందు డబ్బా మీద పుర్రె బొమ్మ కూడా వేస్తారు. పురుగు మీద కొట్టేదాంట్లో ఏముందో చెప్పాలి గానీ, ఆడపిల్ల నెత్తిన పోసేదాంట్లో ఏముందో చెప్పక్కర్లేదా? ఇది నాలుగో రకం మందు బాబూ. దీని మీద గులాబీ పువ్వు వేశారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్క సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ, పరిమళమేగా, అందరూ కాస్త వాసన చూడండి" అంటూ మూత తిప్పబోయింది.

కోటాయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇక్కడొద్దమ్మా! గాలాడని గదిలో తెరవకూడదు!"

అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని సీసా అందుకుంది. నిదానంగా అంతా చదివింది.

"మీరిప్పుడన్న మాట దీని మీద ఎక్కడ రాశారండీ?"

వారంలోగా పూర్తి జాబితా చెల్లెలికి వైద్యం చేసే డాక్టరమ్మకు చేరాలని ఆవిడ అక్కడికక్కడే చెప్పింది. చెల్లెలి గుండె పొంగిపోయింది. ముక్కూ మొహం తెలియని పక్కావిడ మోచేయి పట్టుకుని, ఉన్న గొంతంతా కూడదీసుకుని, "మా అక్క!" అంది. మందు అనవద్దని పోరినందుకు లోపల సిగ్గు కూడా పడింది.

జాబితా వచ్చింది. ఒక్క 'పరిమళం' కింద పదకొండు పేర్లు. నాలుగోది వేడి తగిలితే ఫార్మాలిన్ ఆవిరి విడిచేదే. డాక్టరమ్మ వైద్యం మార్చింది. దగ్గు తగ్గింది. పోయిన గొంతు మాత్రం పూర్తిగా రాలేదు, చెల్లెలు మళ్ళీ వేడి పట్టకారు ముట్టుకోలేదు. ఇప్పుడు కత్తెర పట్టింది. అందులోనూ ఆమెదే పైచేయి.

మరుసటి ఏడాది చట్టమొచ్చింది. అమ్మేముందు పరీక్ష చేయించాలి, కలిపిన ప్రతిదాని పేరూ రాయాలి. ఆ వారమే కంపెనీ సేల్స్‌మన్ కొత్త సీసా పట్టుకుని పార్లర్‌కొచ్చాడు. చెల్లెలు అతన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి, సీసాను వెలుతురులోకి తిప్పి, ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదవసాగింది. అతను ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారాడు.

"ఎంతసేపు చదువుతారమ్మా?"

"మీరు రాసినంతసేపూ" అంది చెల్లెలు, బొంగురు గొంతుతో.