పాత డిస్కులో నాయన నాటకం

ఆలూరు బస్టాండు ఎదురుగా శివజ్యోతికి చిన్న జిరాక్స్ అంగడి ఉంది. అంగడి ముందర కెమెరా పెట్టించుకుంది గానీ, అది రికార్డు చేయాలంటే హార్డ్ డిస్క్ కావాలి. వాళ్ల ఊర్లో ఒకప్పుడు వీడియోలు తీసిన జయరాజ్, కమలాపురానికి మారిపోతూ తన పాత కంప్యూటర్‌ను ఆమెకిచ్చి పోయాడు. "దాంట్లో డిస్కు వాడుకో పాపా. అంతా తుడిచెయ్, నాకేం పని లేదు" అన్నాడు.

మధ్యాహ్నం గిరాకీ తగ్గినాక శివజ్యోతి ఆ కంప్యూటర్ మూత విప్పి, డిస్కు బయటికి తీసి, దుమ్ము తుడిచి, తన కంప్యూటర్‌కు తగిలించింది. ఏమీ కనబడలేదు. వైరు మార్చి పెడితే డిస్కు గుయ్యిమని తిరిగింది. ఫార్మాట్ చేసే ముందు ఒకసారి తెరిచి చూసింది. పెండ్లిండ్ల వీడియోల మధ్యలో 'ఉరుకుందప్ప నాటకం' అని ఒక ఫోల్డరు.

ఉరుకుందప్ప ఆమె నాయన. ఆరోజు భార్య మహాదేవమ్మతో కలిసి ఎరువులకని ఆలూరొచ్చి, బస్సు వచ్చేదాకా అంగడిలోనే కూర్చున్నాడు.

"నాయనా, ఈడ నువ్వుండావు చూడు!"

తెర మీద దుర్యోధనుడు గద పట్టుకుని నిలబడ్డాడు. నల్లటి మీసం, నిండు ఛాతీ. ఉరుకుందప్ప కండ్లు చికిలించి చూశాడు.

"హార్మోనియం వాయించేది సుంకప్ప. ఎంత శృతి పట్టేవాడో! పోయి శానా కాలమాయె" అన్నాడు మెల్లగా.

మహాదేవమ్మ కుర్చీ ముందరికి లాక్కుంది. మొగుడి నాటకం ఆమె ఎన్నడూ చూడలేదు. అప్పట్లో చంటిబిడ్డను వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయేది. మైకు మాత్రం ఇంటిదాకా వినబడేది.

దుర్యోధనుడు పద్యం ఎత్తుకున్నాడు.

"ఇప్పుడు నిలబడిపోతావు చూడు" అంది ఆమె.

అన్నట్టే ఆగిపోయాడు. హార్మోనియం ఒక్కటే మోగుతోంది.

"నీకెట్ల తెలుసే?"

"ఈ వీడియో తీసిన రాత్రి ఇంట్లో కూర్చోని మైకులో వింటి కదా. గుండె చేతిలో పట్టుకుంటి. చేన్లో కలుపు తీస్తా నువ్వు రోజూ పాడేవాడివి, నాకొస్తుండె ఆ పద్యం." తప్పిన పాదాన్ని ఆమె గొంతెత్తకుండా, ఒక్క మాట పోకుండా చెప్పింది. అంతలో తెర మీది మనిషికీ గుర్తొచ్చింది. జనం ఈలలు వేశారు.

ఊరంతటి ముందర ఆడినవాడు, భార్య పక్కన సిగ్గుపడి తల వంచుకున్నాడు.

శివజ్యోతి నాటకాన్ని తన కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంది. అక్కడక్కడా ఆడించి సరిగ్గా వస్తోందో లేదో చూసుకుని, అప్పుడు డిస్కు ఫార్మాట్ కొట్టింది.

"అంతా పోయినట్లేనా?" ఉరుకుందప్ప గాబరాగా అడిగాడు.

"డిస్కు ఖాళీ ఆయె. నీ నాటకం నా దాంట్లో ఉండాది నాయనా. జయరాజ్ మామకూ పంపిస్తా."

బయట బస్సు హారన్ కొట్టింది. ఉరుకుందప్ప సంచి తీసుకుని లేచాడు. మహాదేవమ్మ తెర మీది దుర్యోధనుణ్ణి చూస్తూ కదల్లేదు.

"ఇంకో బస్సుకు పోదాంలే. నువ్వు చచ్చేది చూడల్ల నేను."