ఇంటి మాటలు, ఏమీ లేవు

ఫ్రెంచి నౌకాదళం వారి బ్రెస్ట్ రేవులో జలాంతర్గాముల నమూనాలు గీసే కొరాంతాన్ గారి ఫోను నేను రెండేళ్ళ నాలుగు నెలలు విన్నాను. ఆయన భార్య జ్డెంకా చెక్ మనిషి. ఆవిడ పోయాక కూడా కమ్యూనిస్టుల ఏలుబడిలోని బ్ర్నోలో ఉన్న అత్తగారికి ఆయన నెలనెలా ఉత్తరం రాసేవారు. 1983లో ఒక మనిషిని అనుమానించడానికి అంతకంటే ఏం కావాలి?

మా పని పేరుకే గూఢచర్యం. కిటికీల్లేని గదిలో ఆరుగురు ఆడవాళ్ళం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పనికొచ్చే మాట వస్తే ఉన్నదున్నట్టు టైపు చేయాలి. కూరలూ కీళ్ళనొప్పులూ అయితే "ఇంటి మాటలు, ఏమీ లేవు" అని ఒక్క ముక్క కొట్టి సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక టేపు చెరిపి మళ్ళీ వాడతారు. మిగిలేది కాగితమే.

కొరాంతాన్ గారి విషయంలో ఆ ముక్క ఎన్ని వందలసార్లు కొట్టానో. ఆయన రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర నిలబడి, దువార్నెనేలో ఉన్న అక్క జొస్లీన్‌కి ఫోను చేసేవారు. భార్య ఉన్నన్నాళ్ళూ వంటింట్లోకి తొంగిచూసిన మనిషి కాదు మరి.

"అక్కా, పిండి చేతికి అంటుకుపోతోందే."

"అంటుకోక నీకు దండం పెడుతుందా? ఇంకాస్త వెన్న వెయ్యి."

"ఇప్పటికే పావుకిలో వేశాను."

"వెన్న దగ్గర పిసినారితనం ఏమిట్రా? నువ్వసలు మా అమ్మ కొడుకువేనా, ఆస్పత్రిలో మారిపోయావా?"

ఆయన నవ్వేవారు. ఆ నవ్వు చివర చిన్న దగ్గు వచ్చేది. ఆ దగ్గు కోసం నేను ఎదురుచూసేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను. ఆయన మధ్యాహ్నం ఏం వండుకుంటే సాయంత్రం నేనూ అదే వండేదాన్ని. నలభై నాలుగేళ్ళ దాన్ని, ఎదురుగా రెండో పళ్ళెం పెట్టుకుని తినేదాన్ని. ఒకసారి రొట్టెల కొట్లో నా ముందు నిలబడ్డ బట్టతల మనిషి "బాగా కాలింది ఇవ్వండమ్మా" అన్నాడు. ఆయనే! రొట్టె కొనకుండానే బయటికొచ్చేశాను.

అక్టోబరులో మా అధికారి ట్రెగెర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ ఒడెట్, మీ చెక్ అల్లుడి సంగతేమిటి? ఇంకా ఉల్లిపాయలేనా?"

"ఈమధ్య క్యారెట్లు కూడా వేస్తున్నాడండీ," అన్నాను. అందరూ నవ్వారు.

"నెలాఖరుకి ఫైలు మూసేద్దాం. మనిషి మీద మచ్చ లేదు. మీ చెవులకూ కాస్త విశ్రాంతి."

ఆ మాటకు నేను సంతోషించాలి. కానీ నాకు ఏడుపొచ్చింది. నెలాఖరు తర్వాత ఆ గొంతు నాకు ఉండదు.

ఇంకా నాలుగు రోజులుందనగా జొస్లీన్ ఇలా అంది:

"నీ పుట్టినరోజుకి ఆల్చిప్పలు తినాలన్నావుగా, మా చేపలాయనకి చెప్పాను. గురువారం రేవు దగ్గరికి వస్తాడు. డజను తెస్తాడు. నీ పేరు చెప్పకు, నేను పంపానని చెప్పు. తడిగుడ్డలో చుట్టి పట్టుకుపో, ఎవరి కంటా పడనీకు. పడితే మీ వీధంతా నాకూ కావాలంటే నాకూ కావాలంటారు."

"తెస్తే తెచ్చాడు గానీ, వాటిని తెరవడం ఎలాగే?"

నేను "గురువారం" దగ్గర టైపు చేయడం మొదలుపెట్టి "ఎవరి కంటా పడనీకు" దగ్గర ఆపాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ప్రతి మాటా ఆవిడ అన్నదే. ముందున్న ఆల్చిప్పలూ, వెనకున్న వీధివాళ్ళూ మాత్రం కాగితం మీద లేరు. ఫైలు ఇంకో మూడు నెలలు తెరిచి ఉంటే చాలు, అంతకుమించి నేనేమీ కోరలేదు. సంతకం పెట్టి, టేపు చెరపడానికి ఇచ్చేశాను.

ట్రెగెర్ నన్ను మెచ్చుకుని తనూ సంతకం పెట్టాడు. గురువారం రేవులో ఇద్దరు మనుషులను నిలబెట్టారు. తడిగుడ్డ మూట చేతులు మారడం వాళ్ళు దూరం నుంచి చూశారు. అప్పుడే పట్టుకుంటే వెనకున్నవాళ్ళు జాగ్రత్తపడతారని, మూట విప్పించకుండా వదిలేశారు. కాగితం పారిస్‌లోని పై ఆఫీసుకి వెళ్ళింది.

పది రోజుల్లో కొరాంతాన్ గారి పాసు లాగేసుకున్నారు. కారణం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు నడిచిన గేటు దగ్గరే ఆయన్ని ఆపేశారు. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు నెలలోగా ఖాళీ చేయమన్నారు. ఇవన్నీ నేను ఆయన గొంతులోనే విన్నాను.

"జ్డెంకా వల్లేనేమో అక్కా," అన్నారొక రోజు. "ఇన్నేళ్ళలో మొదటిసారి దాని మీద కోపం వచ్చిందే. ఈ నెల వాళ్ళమ్మకి ఉత్తరం కూడా రాయలేకపోయాను."

నేను హెడ్‌ఫోన్లు తీసేసి నేరుగా ట్రెగెర్ గదిలోకి వెళ్ళాను.

"సార్, ఆ డజను ఆల్చిప్పలండీ. ఆ మాట నేనే వదిలేశాను."

ఆయన లేచి తలుపు వేశాడు. "టేపు ఉందా?"

"చెరిపేశారు."

"మరి అవి ఆల్చిప్పలని ఎవరు చెప్పాలి? ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది, ఒడెట్. పైకెళ్ళిన కాగితాన్ని కిందికి దించే మగాడు ఇంకా పుట్టలేదు. వెళ్ళి పని చూసుకోండి."

ఇల్లు ఖాళీ చేసే ముందురోజు మధ్యాహ్నం ఆయన చివరిసారి ఫోను చేశారు.

"ఇక చెయ్యనే అక్కా. ఎవరో వింటున్నారు."

"వింటే విననీ! నీ దగ్గర వినడానికేముందిరా, ఉల్లిపాయలు తప్ప?"

"అదే వాళ్ళనే అడుగుదామని." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏమండీ, వింటున్నవారూ. మీరెవరో, ఎన్నాళ్ళుగా వింటున్నారో నాకు తెలియదు. మా ఆవిడ పోయాక ఒక్కడినే తింటున్నాననుకున్నాను. మీరున్నారన్నమాట. నేనేమీ చెయ్యలేదని మీకు తెలుసు కదండీ. మీ ఒక్కరికే తెలుసు. ఆ మాటొక్కటి రాసిపెట్టండి, చాలు."

తర్వాత దగ్గు వచ్చింది. ఈసారి దాని ముందు నవ్వు లేదు. అవతల జొస్లీన్ ఏడుస్తోంది.

నేను అంతా టైపు చేశాను. దగ్గు కూడా టైపు చేశాను. కింద ఆల్చిప్పల సంగతి మొత్తం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాశాను.

ట్రెగెర్ నిలబడే చదివాడు. పై నుంచి కింది దాకా ఒక్క గీత గీశాడు. టేపు తనే తీసి జేబులో వేసుకున్నాడు. కొత్త కాగితం మెషీనులో పెట్టి, నా కుర్చీ పక్కన వంగి, రెండు వేళ్ళతో టైపు చేశాడు: ఇంటి మాటలు, ఏమీ లేవు.

కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.