వీపు మీద పెట్టిన మాట

రేణుక సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి చెయ్యి తీసిందో లేదో, మొగుడు తిరుపాల్ ఆమె సినిమా ముగింపు మార్చేశాడు. "ఆయమ్మ బస్సెక్కి పోగూడదు. ఎనక్కి రావల్ల," అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూనే.

ఆ ఇరాన్ సినిమాను ఏరి కొన్నది రేణుక. తిరుపాల్ కువైట్‌లో బండి తోలుతున్న ఏళ్లలో, ప్రొద్దుటూరు ఇంటి ముందుగదిలో కూర్చుని ఎవరి ఆసరా లేకుండా విదేశీ సినిమాల వ్యాపారం నిలబెట్టింది ఆమే. చైనా తన్నులాటల సినిమాలతో మొదలుపెట్టి కొరియా, టర్కీ దాకా పోయింది. హక్కులు కొనడం, మాటలు తెలుగులో రాయడం, జమ్మలమడుగు, పులివెందుల థియేటర్లకు తిప్పడం అన్నీ తనే. హీరోయిన్లకు గొంతు కూడా తనదే. బయటి చప్పుడు పడకుండా కిటికీలకు బొంతలు కట్టుకుని పడకగదిలో ఆ మాటలు చెప్పేది. బయట అత్త అంకాలమ్మ "పొయ్యి మీద కూర మాడుతాంటే ఈమె ఏడుపులేందో" అని వీధికంతా వినబడేలా అనేది. మొగుడు తిరిగొచ్చాడో లేదో కుర్చీ ఆయనదైంది, పోస్టరు మీద పేరు ఆయనదైంది, ఈమె లోపల్నుంచి టీ తెచ్చే మనిషైంది. పేరు పోతే పోయింది, సినిమాలన్నా నేను ఎంచుకుంటున్నాను కదా అనుకుంది. పిచ్చిది.

ఈ సినిమా చివర్లో, దెబ్బలు తిన్న ఆడమనిషి ఒక్క మాటా మాట్లాడకుండా బస్సెక్కి పోతుంది. ఆ మౌనం కోసమే రేణుక దీన్ని కొన్నది. తిరుపాల్ బస్సు ముక్క కోయించేశాడు. ఆ ఆడమనిషి వీపు కనబడే ముక్క ఉంచి, దాని మీద మాట పెట్టమన్నాడు. మొహం కనబడకపోతే పెదాలకు మాట కలపాల్సిన పని లేదు. ఈ కిటుకు ఆయనకు నేర్పిందీ రేణుకే.

రేణుక ఆ మాట చెప్పనంది. "నీ గొంతుకు కూడు పెడతాండేది నేను. చెప్పకుంటే ఇంగ సినిమా కొనేదే లేదు," అన్నాడు పళ్లెంలో చెయ్యి కడుక్కుంటూ. చెప్పింది. ఏడుపు చాలలేదని మళ్లీ మళ్లీ చెప్పించాడు.

జమ్మలమడుగులో మొదటి ఆట. తిరుపాల్ తెర ముందు టెంకాయ కొట్టి శాలువా కప్పించుకున్నాడు. అంతసేపూ పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డ రేణుక, పని కాగానే ఆ పళ్లెంతోనే వెనక ఆడవాళ్లలో పోయి కూర్చుంది. ముందు సీట్లో తల్లీ కూతురూ. బస్సు వచ్చేదాకా కాలక్షేపానికి వచ్చినట్టున్నారు. కూతురి చెంప కమిలి ఉంది. ఒళ్లో బట్టల సంచి.

చివరికి తెర మీద ఆ వీపు వచ్చింది. హాలంతా రేణుక గొంతు నిండింది. "కొట్టినా ఇల్లు ఇల్లే. పోతాండా, పొయ్యి ముట్టియ్యల్ల."

తల్లి కూతురి మోచెయ్యి పట్టుకుంది. "ఇన్యావా? ఆయమ్మకున్న బుద్ధి నీకు ల్యాకపాయ. లెయ్, నీ మొగునికాడ ఇడిసిపెట్టి వస్తా."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని సంచి భుజాన వేసుకుంది.  రేణుకకు మొగుడి మీద కాదు, ముందు తన మీదే అసహ్యం వేసింది. ముందు వరుసలోంచి తిరుపాల్, ప్రసాదం పంచాలి పళ్లెం తెమ్మని పిలుస్తున్నాడు. రేణుక పళ్లెం పక్కన పెట్టేసింది. ముందుకు వంగి ఆ పిల్ల భుజం పట్టుకుంది.

"పాపా, నిలబడు."

పిల్ల గిరుక్కున తిరిగి చూసింది. అదే గొంతు.

"ఆ మాట నాతో చెప్పించినారు," అంది రేణుక. "ఆయమ్మ ఇంటికి పోల్యా. బస్సెక్కి పోయింది."