బొమ్మ కింద చీటీ

నేను ఒక అట్టముక్కను. అరచేయంత ఉంటాను. నగరంలోని ఒక చిత్రకళా మ్యూజియంలో, రెండో అంతస్తులో, ఓ పాత పటం కింద పదకొండేళ్లు అతుక్కుని ఉన్నాను. అంత పెద్ద పటం ముందు నేనెంత అనుకుంటున్నారేమో! జనం సంగతి మీకు తెలియదు. బొమ్మను అరనిమిషం చూస్తారు, నన్ను రెండు నిమిషాలు చదువుతారు. అంతా అర్థమైనట్టు తలాడించి, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు.

నన్ను పుట్టించింది చక్రధర్ గారు. అక్కడి క్యూరేటర్, బొమ్మల బాగోగులు చూసే పెద్దాయన. ఒకటికి రెండుసార్లు సరిచూసి, తన చేత్తోనే అంటించారు. నా మీదున్నవి మూడే ముక్కలు: “అడవిలో జింకలు. బట్ట మీద రంగులు. చిత్రకారుడు: తెలియదు.” ఆ చివరి మాట నాకెప్పుడూ చిన్నతనంగానే ఉండేది. తెలియదని చెప్పడానికి ఒక చీటీ ఎందుకండీ?

అయితే చక్రధర్ గారికి తెలియనిది ఆ ఒక్కటే. పటం మూలన ఐదు ఆకుల పొద ఒకటుంది. నాలుగు ఆకులు నిటారుగా, చివరిది వంకరగా. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, “ఇవి పంచభూతాలు. వంగినది వాయువు” అనేవారు. విన్నవాళ్లు ఆహా అనేవాళ్లు. విని విని నేనూ నమ్మేశాను.

మొన్న ఎండాకాలం జానపద చిత్రాల ప్రదర్శన పెట్టి, పటాలు వేసేవాళ్లను జిల్లాల నుంచి పిలిచారు. వాళ్లలో అండాలమ్మ ఒకావిడ, అరవై దాటిన మనిషి. చక్రధర్ గారు వాళ్లకు పటం వివరిస్తూ వాయువు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పక్కున నవ్వింది.

“ఏం భూతాలు సారూ? గది నా చెయ్యి! మూడేండ్లప్పుడు తడి రంగుల చెయ్యి వెట్టిన. నన్ను గన్న మా అవ్వ కనకవ్వ ఈపు సాపు జేసింది. మల్ల అంత బట్ట పారేస్తదా? గా అచ్చునే పొద జేసింది.”

ఆ నవ్వు నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. కూడబలుక్కుని నన్ను చదివింది.

“తెలియదా? బట్టకు గంజి వెట్టుడు కాడికెల్లి కండ్లు దిద్దుడు దాంక అన్నీ మా అవ్వనే జేస్తుండె. ఊర్లు దిరిగి అమ్ముడు మా నాయన. అవ్వ పేరు యాడ లేకపాయె. ఈడన్న రాయుండ్రి సారూ.” నాకైతే గోడలోకి ఇంకిపోవాలనిపించింది.

“నిజమే కావచ్చమ్మా. కానీ ఆధారం ఉండాలి కదా. సంతకం లేదాయె” అన్నారు చక్రధర్ గారు ఇబ్బందిగా.

“సంతకమా? మా అవ్వకు రాసుడే రాదు” అంటూ ఎడమచెయ్యి ఎత్తి పొద పక్కన పెట్టింది. చిటికెన వేలు పుట్టు వంకర.

చక్రధర్ గారు కళ్లద్దాలు తుడుచుకుని పొదను చూశారు, చేతిని చూశారు, మళ్లీ పొదను చూశారు. వాయువు గారి పని అయిపోయింది. “ఎంతమందికి చెప్పానమ్మా!” అని తల పట్టుకున్నారు, పాపం. మంచి మనిషి. ఫొటోలు తీయించి, కాగితాలు కదిపి, నెల తిరిగేసరికి అండాలమ్మను పిలిపించి ఆమె కళ్లముందే కొత్త చీటీ అంటించారు: “చిత్రకారిణి: కనకవ్వ.”

నన్ను చెత్తబుట్టలో వేయబోతుంటే అండాలమ్మ ఆపింది. “గా అట్ట నాకియ్యుండ్రి సారూ, పనికొస్తది.”

ఇప్పుడు ఆవిడ ఇంట్లో రంగుల గిన్నెల మధ్య ఉంటున్నాను. బట్ట మీద పెట్టే ముందు కుంచెను నా మీద ఆనించి, రంగు చిక్కదనం చూసుకుంటుంది. నన్నెవరూ చదవరు, హాయిగా ఉంది. ఇంటికి తెచ్చిన రోజే ఎర్రరంగు కలిపి, మొదటి గీత సరిగ్గా “తెలియదు” మీద గీసింది.