బొటనవేలి కింది పాట

నేను ఒక పుస్తకాన్ని. ఆ మాట వినగానే చేయి చాపకండి, నన్ను పట్టుకోవడం కుదరదు. నాకు అట్ట లేదు, కాగితం లేదు, చెదల భయం లేదు. పేజీ కొస మడతపెట్టి గుర్తు పెట్టుకునేవాళ్ల బాధ కూడా తప్పింది. నేను ఒక డిజిటల్ గ్రంథాలయంలో ఉంటాను. ఉంటాను అనడం కన్నా పడి ఉంటాను అంటే సరిపోతుంది, ఎందుకంటే నన్ను తాళం వేసి ఉంచారు.

పుట్టుక మాత్రం కాగితం మీదే. మంగతాయారు అనే గ్రామసేవిక గోదావరి లంకల్లో ఉద్యోగం చేసేది. పసిపిల్లల్ని తూకం వెయ్యడం, తల్లులకు నాలుగు మంచిమాటలు చెప్పడం ఆమె పని. తూకపు ఉయ్యాలలో పడుకోబెట్టగానే పిల్లలు గుక్కపెట్టేవారు. వాళ్లను ఊరుకోబెట్టడానికి తల్లులు పాడేవారు. మంగతాయారు తూకం రాసుకోవడం మానేసి పాట వింటూ నిలబడిపోయేదట. అలా విని నేర్చుకున్న జోలపాటలన్నీ రాజమండ్రిలో ఒక చిన్న అచ్చాఫీసులో సొంత జీతంతో పుస్తకంగా వేయించింది. అదే నేను.

మనుషులకు పుస్తకం కొనడం కన్నా అడిగి పట్టుకెళ్లడం ఇష్టం. “చదివి ఇచ్చేస్తానండి” అన్నవాళ్లు చదివారో లేదో తెలియదు గాని, ఇవ్వలేదన్నది మాత్రం నిజం. ఆమె దగ్గర మిగిలిన చివరి కాపీని ఎవరింటి బారసాలకో ఉయ్యాల పాట కావాలని తీసుకెళ్లారు. ఆ పిల్లకి ఈపాటికి పెళ్లీడు వచ్చి ఉంటుంది. కాపీ రాలేదు.

ఎక్కడో ఒక పెద్ద నగరంలో, ఒక పాత గ్రంథాలయంలో ఒక్క కాపీ బతికింది. దాన్ని కెమెరా కింద బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పేజీకో మెరుపు మెరిపించి నన్ను తీశారు. తీసినతను భోజనం వేళ దాటిపోతోందని తొందరలో ఉన్నాడు. చివరి పేజీ లేచిపోకుండా వేలితో నొక్కిపట్టాడు. ఆ బొటనవేలు కూడా నాతోపాటు ఫొటోలో పడింది. వెడల్పాటి గోరు, గోరంచున రాత్రి తిన్న పులుసు పసుపు. సరిగ్గా చివరి పాటలో చివరి పంక్తి మీద పడుకుంది. పైవాళ్లు చూసి కూడా బాగానే ఉందన్నారు. ముఖం మీద బొట్టులా ఉంటే ఊరుకుందును, ఇది నోటి మీద చెయ్యిలా ఉంది.

ఆ తర్వాత తాళం సంగతి. రచయిత్రి చిరునామా వాళ్లకు దొరకలేదు. పాపం, ఆవిడ హక్కులకు భంగం కలగకూడదని నియమం పెట్టారు. నన్ను ఒకసారికి ఒక్కరే చదవాలి, రెండు వారాల్లో నేను వెనక్కి రావాలి, నన్ను అచ్చు తీయకూడదు, నకలు చేయకూడదు. తాళం ఆవిడ మేలు కోసమే వేశారని గుర్తుపెట్టుకోండి.

నన్ను అరువు అడిగినవాళ్లకి మొదట నేను వెళ్లను. నా పేరున ఒక చీటీ వెళ్తుంది. ఆ చీటీని చదివించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, దాన్ని ముందుగా కంప్యూటర్లో పెట్టుకోవాలి. అందులో చీటీ తెరిస్తే అప్పుడు నేను దిగుతాను. ఏ కంప్యూటర్లో మొదట దిగితే గడువు తీరేదాకా దానికే కట్టుబడి ఉంటాను. చీటీ కూడా నా శరీరంలో ముక్కే కనుక, అది తిరిగిన చోటల్లా జరిగింది నాకు తెలుస్తుంది.

ఒకనాడు నా చీటీ రామచంద్రపురంలో ఒక పాత ల్యాప్‌టాప్‌లోకి వెళ్లింది. దాని ముందు కూర్చున్నది హైమవతి. ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే మనిషి, భర్త రైసుమిల్లులో పనిచేస్తాడు. ఆమె వెనక మంచం మీద ఆమె అత్తగారు పడుకుని ఉంది. ఆ అత్తగారే మంగతాయారు. కడుపున పుట్టిన బిడ్డకి తల్లిని చూస్తే ఎలా ఉంటుందో నాకూ అలాగే అయింది. కాని నేను చీటీలో ఉన్నాను, పలకరించడానికి నోరు లేదు.

నోరు లేనిది నాకొక్కదానికే కాదని తర్వాత తెలిసింది. ఆవిడకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి, మాట మాత్రం పోయింది. ఏమి చెప్పాలన్నా “అదే... అదే...” అన్న ఒక్క మాటే వస్తుంది. మంచినీళ్లు కావాలన్నా అదే, కిటికీ వెయ్యమన్నా అదే, కోపం వచ్చినా అదే. లోపల అన్నీ ఉన్నాయి, గుమ్మం దాటి రావడం లేదు. కాకినాడలో మాట నేర్పే సుహాసిని అనే డాక్టరమ్మ, మాట పోయినవాళ్లకి బాగా అలవాటైన పాట ఒక్కోసారి వస్తుందనీ, ఈ మొదటి నెలల్లోనే గట్టిగా ప్రయత్నించాలనీ చెప్పింది. అత్తగారికి తెలిసిన పాటలంటే ఆ పుస్తకంలోవే. హైమకు అవి అరకొరగా గుర్తున్నాయి, ఆమె కూతుర్ని మంగతాయారు వాటితోనే నిద్రపుచ్చింది. పుస్తకం ఊరంతా వెతికినా లేదు. చివరికి నేను దొరికాను, చీటీ రూపంలో.

సాఫ్ట్‌వేర్ సంగతి హైమకు తెలియదు. చీటీని నొక్కింది. దీన్ని ఎందులో తెరవాలని కంప్యూటరు ఆమెనే అడిగింది. ఏదో ఒకటి నొక్కితే తెరమీద పురుగులు పాకినట్టు అక్షరాలు వచ్చాయి. అప్పుడు ఆమె మనవాళ్లెవరైనా చేసే పనే చేసింది. చీటీని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, “ఇది ఎవరికైనా తెరుచుకుంటుందేమో చూడండి” అని రాసింది. ఒకరు తెప్పించిన వారపత్రిక గోడ మీదుగా వీధంతా తిరిగిన ఇళ్లు అవి. అందరికీ పంచితే ఒకరికైనా పనికొస్తుందన్నది వాళ్ల నమ్మకం. అందులో తప్పేముంది? తాళం వేసినవాళ్లకి ఆ అలవాటు తెలియదు, అంతే.

హైదరాబాదులో ఆమె ఆడపడుచు భర్త విశ్వేశ్వరరావుకి తెరుచుకుంది. ఆయన ఒక బీమా ఆఫీసులో అధికారి, ఏ ఉద్యోగ అవసరానికో ఆ సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర ముందే ఉంది. నేను గభాలున ఆయన కంప్యూటర్లోకి దిగిపోయాను. ఆయన నా మొదటి పేజీ చూసి, “ఓపెన్ అయింది, బాగుంది” అని గ్రూపులో రాసి, ఒక బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఇంకో బొటనవేలు. తర్వాత తనకి దీంతో పనేముందని నన్ను డిలీట్ చేశాడు.

డిలీట్ చేస్తే గ్రంథాలయానికి తిరిగి ఇచ్చినట్టు కాదు. ఇంటికి తెచ్చిన పుస్తకాన్ని చెత్తబుట్టలో పడేసినంత మాత్రాన లైబ్రరీలో ఇచ్చినట్టవుతుందా? నేను ఆయన కంప్యూటరు బుట్టలో పడ్డాను. నా పైన ఎవరిదో పెళ్లి శుభలేఖ, కింద కరెంటు బిల్లు, పక్కన ఆయన రాయబోయి మానేసిన రాజీనామా. అక్కడ చీకటి, వెలుగు అని ఏమీ ఉండవు. గ్రంథాలయం లెక్కలో నేను అరువులో ఉన్నాను. చదివేవారి లెక్కలో లేను. ఏ లెక్కలోనూ లేని మరో మనిషి రామచంద్రపురంలో మంచం మీద పడి ఉంది, ఆమె దగ్గరికి వెళ్లే దారి నాకు లేదు.

ఈలోగా సాఫ్ట్‌వేర్ సంగతి తెలుసుకుని హైమ అది కూడా పెట్టించుకుంది. అదీ సులువుగా కాలేదు. ఆ ల్యాప్‌టాప్‌ని, కంప్యూటర్ సెంటర్ నడిపే శేషు అనే అతని దగ్గర పాతది కొన్నారు. కొత్తది ఏది పెట్టాలన్నా అతను పెట్టిన పాస్‌వర్డే అడుగుతుంది. ఫోన్ చేస్తే, “ఆయ్, అదాండి, మా ఇంటి దేవుడి పేరండి” అని మూడుసార్లు మూడు రకాలుగా చెప్పాడట. చివరికి ఒకటి కుదిరి సాఫ్ట్‌వేర్ ఎక్కింది. ఆశగా చీటీ తెరిస్తే, ఈ పుస్తకాన్ని ఇప్పటికే వేరొకరు తెరిచారని వచ్చింది. ఆమె విశ్వేశ్వరరావుకి ఫోన్ చేసినప్పుడు నేను బుట్టలోంచి విన్నాను.

“అన్నయ్యగారండీ, ఆ పుస్తకం మీ దగ్గరే తెరుచుకుందంటండి. మాకు ఇంక రావట్లేదండి.”

“నా దగ్గర లేదమ్మా హైమా. నేను అప్పుడే డిలీట్ చేసేశాను.”

“మళ్లీ ఓసారి చూడరాదండీ? అత్తయ్యగారికి కావాలండి. డాక్టరమ్మ రోజులు పోనివ్వద్దన్నారు.”

“లేనిదాన్ని ఎక్కడ చూడమంటావు? నా దగ్గర లేదు.”

అబద్ధమాడే మనిషి కాదు. పాతికేళ్లుగా కౌంటరు ముందు నిలబడ్డవాళ్లకి ఫైలు తన దగ్గర లేదని చెప్పి చెప్పి, అదే నిజమని నమ్మే స్థితికి వచ్చాడు. బుట్టలోంచి బయటికి తీసి, ‘తిరిగి ఇవ్వు’ అన్న మాట మీద ఒక్క నొక్కు నొక్కితే చాలు. నేను ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను. నాకు ఏడుపు వచ్చింది. పుస్తకాలు ఏడవవని మీరు అనుకుంటే అనుకోండి.

గడువు తీరాక నేను నా అంతట నేనే గ్రంథాలయానికి వచ్చిపడ్డాను. హైమ కాచుకుని కూర్చుంది, వెంటనే అడిగింది. ఈసారి చీటీ ఎవరికీ పంపలేదు. గ్రూపులో విశ్వేశ్వరరావు, “పంపమ్మా, ఓపెన్ చేసి పెడతా” అని రాస్తే, ఆమె చూసి ఊరుకుంది. పెద్దవాళ్ల మాటకి జవాబు ఇవ్వకుండా ఉండటం ఆమెకి బహుశా అదే మొదటిసారి. నేను ఆ పాత ల్యాప్‌టాప్‌లో దిగాను.

అంతటితో అయిపోలేదు. హైమ మంచం పక్కన కూర్చుని నన్ను చదివింది, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. మంగతాయారు కిటికీలోకి చూస్తూ పడుకుంది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. నా రోజులు ఒక్కొక్కటే తరిగిపోతున్నాయి. హైమ సుహాసినికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది.

“చదువుతున్నారా? చదవకండి. పాడండి” అంది ఆవిడ.

“నాకు పాడ్డం రాదండి. మా ఇంట్లో అందరూ నవ్వుతారండి.”

“నవ్వితే ఇంకా మంచిది. పాడండి.”

హైమ వీధి తలుపు వేసి వచ్చింది. గొంతు సవరించుకుంది. చివరి పాట అయితే చిన్నదని చివరి పేజీ తీసింది. బొటనవేలు ఉన్న పేజీ అది.

“పడవొచ్చె పడవొచ్చె పాపాయి రేవుకు, పడవలో ఏముంది పాపాయి కొరకు” అని మొదలుపెట్టింది. రాగం ఆమెది కాదు, ఎవరిదీ కాదు. మంగతాయారు మొహం కిటికీ నుంచి ఇటు తిరిగింది. కనుబొమలు ముడిపడ్డాయి. పాట చెడగొడుతున్నందుకు ఆవిడకి కోపం వచ్చింది. బాగున్న చేతి వేళ్లు దుప్పటి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి, హైమ తప్పుతున్న చోటల్లా గట్టిగా. హైమకి భయం వేసింది, అయినా ఆగలేదు. పాలకుండ వచ్చింది, పంచదార వచ్చింది, పడవ వెళ్లిపోయింది, పాపాయి నిద్రపోయింది.

“రేవులో ఎవరున్నారు పాపాయి కొరకు?” అని పాడి, హైమ తెరమీదికి వంగింది. అక్కడ వేలుంది.

ఆ పంక్తి నాకూ తెలియదు. నాలోదే అయినా నేను ఎన్నడూ చూసుకోలేదు. నన్ను అరువు తీసుకున్న వాళ్లందరూ అక్కడ తల్లి ఉంటుందని అనుకున్నారు, నేనూ అదే అనుకుంటూ వచ్చాను. జోలపాటలో ఇంకెవరుంటారు? హైమ కూడా పాట ఆపడం ఇష్టంలేక ఆ మాటే వేసేసింది.

“రేవులో ఉందమ్మ, రేయంత మేలుకొని...”

మంగతాయారు ఆమె మణికట్టు పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. “అదే... అదే...” అంది, కాదన్నట్టు. మళ్లీ తల ఊపింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మెడ మీద నరాలు బిగుసుకున్నాయి. హైమ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

అప్పుడు ఆవిడ పాడింది. గొంతు గరుకుగా ఉంది, రాగం మాత్రం చెక్కుచెదరలేదు.

“రేవులో ఉన్నాడు పాపాయి తాతా, తెడ్డు ఒడినెట్టుకుని తెల్లార్లు తాతా.”

అయ్యాక మళ్లీ పాడింది, తప్పు దిద్దుకోవలసిన పిల్లకి చెప్పినట్టు. మూడోసారి హైమ చేత పాడించింది. హైమ పాడుతూ ఏడ్చింది, ఆవిడకి అది పట్టలేదు, రాగం తప్పితే మాత్రం దుప్పటి మీద కొట్టింది. పాట అయిపోయాక మంచినీళ్లు కావలసివచ్చి మళ్లీ “అదే... అదే...” అంది. మాట తిరిగి రాలేదు. కాని లోపలున్నది బయటికి రావడానికి దారి ఒకటుందని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలిసింది, మర్నాటి నుంచి నాలోని మిగతా పాటలు ఒక్కొక్కటీ అదే మంచం మీద పాడుకున్నారు. సుహాసిని ఫోన్లో వింటూ, “ఇంక మనకి పని దొరికింది” అంది.

హైమ ఆ గొంతును ఫోన్లో పట్టి కుటుంబం గ్రూపులో పెట్టింది. దానికి తాళం లేదు, చీటీ లేదు, ఒకరు వింటుంటే ఇంకొకరు ఆగాల్సిన పని లేదు. అందరికీ ఒకేసారి తెరుచుకుంది. విశ్వేశ్వరరావు ఆ పూట ఏ బొమ్మా పెట్టలేదు. “అత్తయ్యగారి గొంతే” అని రెండు ముక్కలు రాశాడట.

నా గడువు తీరింది. హైమ చూస్తుండగానే తెరమీద నేను మూసుకుపోయాను, మళ్లీ గ్రంథాలయంలోకి వచ్చిపడ్డాను. తాళం అలాగే ఉంది. ఆవిడ హక్కులు భద్రంగా ఉన్నాయి. ఎవరో ఒకరు అడిగితే మళ్లీ వెళ్తాను, లేకపోతే ఇక్కడే ఉంటాను. నా మీద ఏమీ రాయనివ్వరు కనుక ఆ పంక్తి మీకు నాలో ఎప్పటికీ కనబడదు. చివరి పేజీ మీద బొటనవేలు ఇప్పటికీ ఉంది. దాని కింద ఒడిలో తెడ్డు పెట్టుకుని ఎవరు కూర్చున్నారో ఇప్పుడు నాకు తెలుసు.